ఇద్దరు కుర్ర పాయింట్ గార్డులు, ఒక్కటే జట్టు: ఎవరి చుట్టూ కట్టాలో తేల్చుకోవడం ఎలా?

డియారన్ ఫాక్స్ గొప్పా, టైరీస్ హాలిబర్టన్ గొప్పా? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ గొడవ ఇప్పటికీ తెగదు. ఒకరు హైలైట్ వీడియో తీస్తారు. ఇంకొకరు పాయింట్ల సగటు చదువుతారు. మూడోవారు "అవన్నీ వదిలెయ్, ఫైనల్స్‌కి ఎవరు వెళ్లారు చెప్పు" అంటారు. గంట గడిచినా ఎవరి మాట వాళ్లదే. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. "ఎవరు మంచి ఆటగాడు" అనేది ఒక ప్రశ్న. "ఎవరిని ఉంచుకుని మిగతా జట్టు కట్టాలి" అనేది పూర్తిగా ఇంకో ప్రశ్న. జనరల్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నవాడికి పని రెండోదానితోనే. దానికి జవాబు కావాలంటే ఒక్కొక్కరి చుట్టూ ఎలాంటి జట్టు తయారవుతుందో ముందు ఊహించాలి. ఆ తర్వాత ఆ రెండు జట్లను పక్కపక్కన పెట్టి పోల్చాలి.

పద్ధతి అంతా ఫాక్స్, హాలిబర్టన్‌ల మీదే చేసి చూపిస్తాను. ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నారు, ఆ జట్టు నిజంగానే ఒకరిని ఉంచుకుని ఒకరిని పంపేసింది, ఆ తర్వాత ఏం జరిగిందో మనం చూశాం. ఎన్‌బీఏకి కొత్తవాళ్లకి ఒక్క మాట: పాయింట్ గార్డ్ అంటే బంతిని ముందుకు తెచ్చి, అది ఎవరికి ఎప్పుడు అందాలో నిర్ణయించేవాడు. మిగతా నలుగురి ఆట అతని అలవాట్లను బట్టి మారుతుంది. ఈ ఒక్క స్థానంలో లెక్క తప్పితే సరిదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

1. కాగితం పైన తేదీ వేయండి

ఆ తేదీ తర్వాత జరిగినదేదీ మీ లెక్కలోకి రాకూడదు. మన ఉదాహరణకి 2022 ఫిబ్రవరి 8 అని రాసుకోండి.

ఆ రోజు పరిస్థితి ఇది. ఇద్దరూ ఆడుతున్న శాక్రమెంటో కింగ్స్ 2006 తర్వాత ప్లేఆఫ్స్ (సీజన్ చివర మేటి జట్ల మధ్య జరిగే పోటీ) ముఖం చూడలేదు. ఆ సీజన్‌తో కలిపి 16 సీజన్లు. లీగ్ చరిత్రలో ఇంకే జట్టూ అన్నేళ్లు వరసగా బయట నిలబడలేదు. అంతకు ముందు నవంబరులోనే కోచ్ ల్యూక్ వాల్టన్‌ను తీసేసి, పగ్గాలు ఆల్విన్ జెంట్రీకి తాత్కాలికంగా ఇచ్చారు. ఫాక్స్ 2017 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) 5వ ఎంపిక, వయసు 24. హాలిబర్టన్ 2020 డ్రాఫ్ట్‌లో 12వ ఎంపిక, ఇంకా 22 నిండలేదు. ఇద్దరూ బంతి చేతిలో ఉంటేనే వెలిగే రకం. ఆ రోజు కింగ్స్ హాలిబర్టన్‌నీ, అతనితో పాటు బడ్డీ హీల్డ్, ట్రిస్టన్ థాంప్సన్‌లనీ ఇండియానా పేసర్స్‌కి ఇచ్చి, డొమాంటస్ సబోనిస్‌నీ, జస్టిన్ హాలిడే, జెరెమీ ల్యాంబ్‌లనీ, డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో ఒకరిని ఎంచుకునే హక్కునీ తెచ్చుకుంది.

తేదీ ఎందుకంటే, ఇదే నిర్ణయాన్ని 2023 వసంతంలో, కింగ్స్ ప్లేఆఫ్స్‌కి చేరినప్పుడు చూసినవాళ్లు మెచ్చుకున్నారు. 2025 జూన్‌లో, హాలిబర్టన్ పేసర్స్‌తో ఫైనల్స్ ఆడుతున్నప్పుడు చూసినవాళ్లు నవ్వుకున్నారు. నిర్ణయం మాత్రం ఒక్కటే. ఫలితం చూసి తీర్పు చెప్పడం అలవాటైతే తర్వాతి జంట మీద మీ లెక్క పనికిరాదు.

మన దేశానికీ ఈ రెండు జట్లకీ ఓ చిన్న చుట్టరికం ఉంది. 2019 అక్టోబరులో ముంబైలో ఎన్‌బీఏ తొలిసారి భారతదేశంలో మ్యాచ్‌లు పెట్టినప్పుడు ఆడింది ఈ కింగ్స్, ఈ పేసర్సే. రెండు మ్యాచ్‌లూ పేసర్సే గెలిచింది. ఫాక్స్ ఒకవైపు, సబోనిస్ ఇంకోవైపు. హాలిబర్టన్ అప్పటికి అయోవా స్టేట్ కాలేజీలో చదువుతున్నాడు. కింగ్స్ యజమాని వివేక్ రణదివే పుట్టింది కూడా ముంబైలోనే.

2. పాయింట్ల సగటును పక్కన పెట్టి, ఎన్ని షాట్లకి వచ్చాయో చూడండి

ఫాక్స్ 2020-21లో మ్యాచ్‌కి 25.2 పాయింట్లు వేశాడు. అదే ఏడాది కొత్తగా వచ్చిన హాలిబర్టన్ 13 వేశాడు. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. క్రికెట్‌లో పరుగులు చూసి, ఎన్ని బంతులు తిన్నాడో చూడకుండా లేచిపోయినట్టే ఇది.

మీకు కావలసినది ట్రూ షూటింగ్ శాతం. లెక్క కష్టమేం కాదు. పడినా పడకపోయినా వేసిన షాట్ల సంఖ్యకి, ఫ్రీ త్రోల (ఫౌల్‌కి దక్కే షాట్ల) సంఖ్యని 0.44తో గుణించి కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగించండి. ఊహకి ఒక ఉదాహరణ చూద్దాం. ఒకడు 20 షాట్లు, 5 ఫ్రీ త్రోలు తీసుకుని 24 పాయింట్లు వేశాడు. 20కి 2.2 కలిపితే 22.2, రెట్టిస్తే 44.4. 24ని దానితో భాగిస్తే 54 శాతం. ఇంకొకడు 13 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 18 వేశాడు. అదే లెక్కలో 61 శాతం వస్తుంది. ఈమధ్య లీగ్ సగటు 57 శాతం చుట్టుపక్కల ఉంటోంది కాబట్టి, మొదటివాడు 24 వేసిన రోజున కూడా జట్టుని కొంచెం కిందికే లాగాడన్నమాట.

దాని పక్కనే ఇంకో రెండు అంకెలు రాయండి. ఒకటి, త్రీల శాతం, అంటే దూరంనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో ఎన్ని పడ్డాయో. 2021-22లో ఫాక్స్‌ది 29.7. కింగ్స్‌లో ఉన్నన్నాళ్లూ హాలిబర్టన్‌ది 41 దాకా ఉంది. రెండోది, ఒక్కో టర్నోవర్‌కి (బంతి పోగొట్టుకోవడానికి) ఎన్ని అసిస్టులు (సహచరుడు పాయింట్లు వేసేలా చేసే పాస్‌లు) ఇస్తున్నాడు. 2020-21లో ఫాక్స్ 7.2 అసిస్టులకి 3 టర్నోవర్లు చేశాడు. హాలిబర్టన్ 5.3 అసిస్టులకి 1.6. లీగ్‌లో తొలి ఏడాది ఆడుతున్న గార్డ్ అంత తక్కువగా బంతి పోగొట్టుకోవడం అరుదు. చాలామంది కుర్ర గార్డులు ఆ వయసులో బంతిని ప్రేక్షకుల్లోకి విసురుతుంటారు.

3. ఆ అంకె ఎంత బరువు మోస్తూ వచ్చిందో అడగండి

ఇప్పుడు మీ పెన్ను హాలిబర్టన్ వైపు మొగ్గుతుంది. కాసేపు ఆగండి. ఫాక్స్ ఆడుతున్నప్పుడు అవతలి జట్టులో మంచి డిఫెండర్ అతని మీదే ఉంటాడు. షాట్ వేయడానికి ఉన్న గడువు (షాట్ క్లాక్) అయిపోతుంటే బంతి అతని చేతికే వస్తుంది, తప్పక వేయాల్సిన చెత్త షాట్లన్నీ అతని ఖాతాలోనే పడతాయి. హాలిబర్టన్‌కి ఆ రోజుల్లో అంతకన్నా తక్కువ డిఫెండర్ దొరికేవాడు, ఎవరో సృష్టించిన ఖాళీలో నిలబడి వేసే షాట్లు దొరికేవి. బరువు పెరిగే కొద్దీ సామర్థ్యం కొంత తగ్గడం మామూలే. దీన్ని చూపే అంకెను యూసేజ్ అంటారు. ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు జట్టు దాడుల్లో ఎన్ని శాతం అతనితో ముగిశాయో అది చెబుతుంది. ట్రూ షూటింగ్ పక్కన యూసేజ్ లేకపోతే ఆ అంకెని నమ్మొద్దు.

అసలు ప్రశ్న ఇక్కడ పుడుతుంది: తక్కువ బరువుతో బాగా ఆడుతున్నవాడికి మొత్తం బరువు అప్పగిస్తే ఏమవుతాడు? దీనికి ఆ తేదీ నాటికే కొంత సమాధానం దొరుకుతుంది. ఒకరు గాయంతో కూర్చున్న రోజుల్లో ఇంకొకరు ఎలా ఆడారో విడిగా తీసి చూడండి. బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో మ్యాచ్‌లవారీ పట్టిక ఉంటుంది, ఇద్దరివీ పక్కపక్కన తెరిస్తే తేదీలు దొరికిపోతాయి. ఎక్కువ మ్యాచ్‌లు రాకపోవచ్చు. అయినా వంద అభిప్రాయాల కన్నా అవి నయం.

చుట్టూ ఉన్న గందరగోళానికి కూడా కొంత తగ్గింపు ఇవ్వాలి. శాక్రమెంటోలో ఫాక్స్ దాదాపు ఎనిమిది సీజన్లలో అయిదుగురు కోచ్‌ల కింద ఆడాడు: జోర్గర్, వాల్టన్, జెంట్రీ, మైక్ బ్రౌన్, చివర్లో డగ్ క్రిస్టీ. ప్రతి కోచ్‌తోనూ కొత్త ప్లేబుక్, కొత్త పద్ధతులు. కుదురుగా ఉన్న జట్టులో పెరిగిన గార్డ్ అంకెలతో ఆ అంకెల్ని నేరుగా పోల్చకూడదు.

4. ఒక్కొక్కరివి ఆరు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి

హైలైట్లు వద్దు. గట్టి జట్ల మీద రెండు, బలహీనమైన జట్ల మీద రెండు, అతను దారుణంగా ఆడినవి రెండు ఎంచుకోండి. చివరి రెండే ఎక్కువ చెబుతాయి. తెల్లవారుజామున అయిదున్నరకి లేచి చూడక్కర్లేదు, రికార్డింగ్ చాలు. ఎన్‌బీఏ వాళ్ల సొంత స్టాట్స్ పేజీలో చాలా అంకెల మీద నొక్కితే ఆ ఆటల వీడియో ముక్కలు వస్తాయి. టర్నోవర్ల మీద నొక్కండి. మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో అక్కడ కనిపిస్తుంది.

చూస్తూ నోట్‌బుక్‌లో ఇవి రాయండి.

స్క్రీన్ దగ్గర డిఫెండర్ ఏం చేస్తున్నాడు? సహచరుడు వచ్చి అడ్డు నిలబడినప్పుడు, అంటే పిక్ అండ్ రోల్‌లో, గార్డ్‌ని కాపలా కాసేవాడికి రెండు దారులు. అడ్డు పైనుంచి వెంటపడాలి, లేదా కిందనుంచి దూరి ముందే దారి కాయాలి. షాట్ అంటే భయం లేకపోతే కిందనుంచే దూరతాడు. ఫాక్స్ విషయంలో అదే జరిగేది. ఎడమచేతి వాటం, లీగ్‌లో అతన్ని పరిగెత్తి పట్టుకోగలిగేవాళ్లు చాలా తక్కువ. అందుకే అవతలివాళ్లు "త్రీ వేసుకో, రింగ్ దాకా మాత్రం రాకు" అన్నట్టు వెనక్కి జరిగేవాళ్లు. హాలిబర్టన్ షాట్ చూడ్డానికి వింతగా ఉంటుంది, బంతిని నెట్టినట్టు వేస్తాడు. కానీ డ్రిబుల్ ఆపి వెనక్కి అడుగేసి కూడా త్రీ వేయగలడు. కాబట్టి డిఫెండర్ పైనుంచే రావాలి. వచ్చాడంటే ఇంకో డిఫెండర్ కూడా సాయానికి ముందుకు రావాలి, వెనకాల నలుగురి మీద ముగ్గురే మిగులుతారు. అసిస్టులు పుట్టేది ఆ లెక్కలోంచే.

ఇద్దరు కలిసి మీద పడితే ఏం చేస్తున్నాడు? కంగారుగా వెనక్కి జరుగుతున్నాడా, పైకెగిరి అవతలి కార్నర్‌కి పాస్ ఇస్తున్నాడా, ఇద్దరి మధ్యలోంచి చీల్చుకుని పోతున్నాడా? ఫాక్స్ చీల్చుకుపోతాడు. హాలిబర్టన్ ఆ ఇద్దరూ రాకముందే బంతి వదిలేస్తాడు. గాల్లోకి ఎగిరి పాస్ ఇవ్వకూడదని స్కూల్లో కోచ్‌లు తిడతారు. అతను రోజూ అదే చేస్తాడు, బంతి మాత్రం పోగొట్టుకోడు.

రింగ్ దగ్గర ఒంటికి ఒళ్లు తగిలితే? ఇక్కడ ఫాక్స్ చాలా ముందున్నాడు. ఫౌల్ తెచ్చుకుంటాడు, ఫ్రీ త్రో గీత దగ్గరికి వెళ్తాడు. హాలిబర్టన్ తగలకుండా తప్పుకుంటాడు, కొన్ని రోజులు షాట్ వేయడానికే మొహమాటపడతాడు. గట్టి డిఫెన్స్ ఎదురైన రాత్రి అది జట్టుకి టెన్షన్ తెచ్చిపెట్టే లక్షణమే. దాన్ని చిన్నదిగా తీసేయకండి.

చివరి అయిదు నిమిషాలు, తేడా అయిదు పాయింట్ల లోపు. ఎన్‌బీఏ క్లచ్ అని లెక్కపెట్టేది ఈ సమయాన్నే. అప్పుడు ఎవరూ ఎవరికీ ఖాళీ ఇవ్వరు, ఒంటరిగా షాట్ సంపాదించుకోగలవాడు కావాలి. ఫాక్స్‌లో ఆ గుణం ఆనాడే కనిపించేది. తర్వాత 2022-23లో లీగ్ కొత్తగా పెట్టిన క్లచ్ ప్లేయర్ అవార్డు మొదట అందుకున్నది అతనే. కాకపోతే ఒక సీజన్‌లో ఇలాంటి నిమిషాలు కొన్నే వస్తాయి, వాటిమీద మొత్తం తీర్పు పెట్టకండి. అతి నెమ్మదస్తుడని పేరుపడ్డ హాలిబర్టనే 2025 ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో 0.3 సెకన్లు మిగిలుండగా గెలుపు షాట్ వేశాడు. అంతకు రెండు నెలల ముందు ద అథ్లెటిక్ పత్రిక పేర్లు బయటపెట్టకుండా ఆటగాళ్లనే అడిగితే, లీగ్‌లో ఉన్న సత్తాకన్నా ఎక్కువ పేరొచ్చినవాడు హాలిబర్టనే అని వాళ్లు ఓటేశారు. తోటి ఆటగాళ్ల మాటని కూడా ఎంతవరకు పట్టించుకోవాలో చూసుకోండి.

5. బంతి లేనప్పుడు ఎలా ఉంటాడో విడిగా చూడండి

చాలామంది ఇది వదిలేస్తారు. నా లెక్కలో సగం తీర్పు ఇక్కడే ఉంది.

రేపు మీ జట్టులోకి ఇంకో గొప్ప ఆటగాడు వస్తే బంతి పంచుకోవాలి. అప్పుడు మీ గార్డ్ ఏం చేస్తాడు? నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, అతని డిఫెండర్ వెళ్లి మధ్యలో దారి మూసేస్తాడు. దూరంనుంచి షాట్ వేసే భయం ఉంటే ఆ డిఫెండర్ కదలలేడు. హాలిబర్టన్ తన మొదటి ఏడాది నుంచే ఫాక్స్ పక్కన రెండో గార్డ్‌గా ఆడి, ఆ స్థానంలోనే అంత బాగా షాట్లు వేశాడు. ఫాక్స్‌ని అలా నిలబెడితే విలువ సగం అవుతుంది. దీన్నిబట్టి హాలిబర్టన్ ఉన్న జట్టులోకి ఎలాంటి పెద్ద ఆటగాడైనా రావచ్చు. ఫాక్స్ ఉన్న జట్టులోకి వచ్చేవాళ్లని ఏరుకోవాలి.

రెండు నిమిషాల పరీక్ష ఒకటి చెబుతాను. ఒక మ్యాచ్‌లో ఏదో ఒక క్వార్టర్ తీసుకుని, బంతి వదిలేశాక ఆ కుర్రాడు ఎన్నిసార్లు కదిలాడో గీతలు పెట్టండి. బంతి వంక చూడొద్దు. మన ఇంటర్ కాలేజ్ జట్లకి కోచింగ్ ఇచ్చేవాళ్లు ఏ స్టాట్స్ సైటూ లేకుండా చేయగలిగేది కూడా ఇదే.

6. మిగతా నలుగురినీ రాయండి

ఇప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు ఫాక్స్, కుడివైపు హాలిబర్టన్. ఒక్కొక్కరి కింద నాలుగు ఖాళీ గడులు. పేర్లు రాయొద్దు, గుణాలు రాయండి.

ఫాక్స్ కింద ఇలా వస్తుంది: ఇతని త్రీ నమ్మకం లేదు కాబట్టి మిగతావాళ్లలో కనీసం ముగ్గురు బాగా వేయాలి. ఇతను పాస్ ఇవ్వడం కన్నా దూసుకుపోవడం ఇష్టపడతాడు కాబట్టి ఆట నడిపే చూపు ఇంకొకరి దగ్గర ఉండాలి. ఆ ఇంకొకరు పొడవాటి సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పెద్ద ఆటగాడు) అయితే మరీ మంచిది, ఎందుకంటే బంతి అతనికిచ్చి ఫాక్స్ పరుగెత్తుతూ చేతికందుకోవచ్చు. చదువుతుంటే అచ్చంగా సబోనిస్ గుర్తొస్తాడు కదా? మైక్ బ్రౌన్ వచ్చాక సరిగ్గా ఇదే కట్టారు: మధ్యలో సబోనిస్, చుట్టూ కెవిన్ హెర్టర్, కీగన్ మర్రీ, హారిసన్ బార్న్స్. 2022-23లో ఆ జట్టు దాడి సామర్థ్యం అప్పటికి లీగ్ చరిత్రలోనే అత్యధికం. 48 గెలుపులు, లీగ్ పశ్చిమ విభాగంలో మూడో స్థానం, 16 సీజన్ల ఎదురుచూపుకి తెర. ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద ఏడో మ్యాచ్‌లో అవతలి స్టెఫ్ కర్రీ 50 కొట్టి కింగ్స్‌ని ఇంటికి పంపాడు.

ఎడమవైపు జాబితాలో ఏం మిగిలిందో కూడా చూడండి. రింగ్‌ని కాపాడేవాడు లేడు. సబోనిస్ ఆ పని చేయడు, త్రీలు కూడా ఎక్కువ వేయడు. కట్టిన జట్టు దాడిలో పైన, డిఫెన్స్‌లో కింది వరసలో ఉండిపోయింది. ఒక లోపాన్ని పూడ్చడానికి తెచ్చినవాడు ఇంకో లోపాన్ని వెంట తెస్తే, ఆ గడిలో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ జట్టు ఎంత ఎత్తుకి వెళ్లగలదో ఆ ఎరుపు చెబుతుంది.

హాలిబర్టన్ కింద: ఇతను ఒళ్లు తగిలే ఆట ఆడడు కాబట్టి రింగ్ దగ్గర బలంగా వేసే ఫార్వర్డ్ కావాలి. గట్టి గార్డులని ఇతను కాయలేడు కాబట్టి ఆ పని చేసే ఇంకో గార్డ్ ఉండాలి. త్రీ వేయగలిగి, రింగ్ కూడా కాపాడే సెంటర్ ఉండాలి. అందరూ పరుగెత్తాలి, ఎందుకంటే పాస్ ముందే వచ్చేస్తుంది. ఇండియానాలో మైల్స్ టర్నర్ అప్పటికే ఉన్నాడు. కష్టమైన కాపలా పనులకి 2022 డ్రాఫ్ట్‌లో 31వ ఎంపికగా ఆండ్రూ నెంబార్డ్ దొరికాడు. బలం కోసం 2024 జనవరిలో పాస్కల్ సియాకమ్‌ని తెచ్చారు. ఈ గడుల్లో రాసిన గుణాలు బజారులో ఎంత తేలిగ్గా దొరుకుతాయో ఆలోచించండి. పరుగెత్తి త్రీ వేసే కుర్రాళ్లు ఏటా డ్రాఫ్ట్‌లో దొరుకుతారు. ఆట నడిపే సెంటర్లు లీగ్ మొత్తంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

7. జీతం, ఏళ్లు

ఇది తొందరగా ముగించవచ్చు. 2020 నవంబరులో ఫాక్స్ అయిదేళ్లకి 16.3 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. 2021-22లో అతని జీతం దాదాపు 2.8 కోట్లు. హాలిబర్టన్ రూకీ ఒప్పందంలో, అంటే కొత్త ఆటగాడికిచ్చే తొలి ఒప్పందంలో ఉన్నాడు, అదే ఏడాది అతనికి 40 లక్షల చుట్టూ. మొదటి రౌండ్ రూకీ ఒప్పందం నాలుగేళ్లు నడుస్తుంది, ఆ తర్వాత కూడా ఇతర జట్ల ఆఫర్‌కి సమానంగా ఇచ్చి ఉంచుకునే హక్కు పాత జట్టుకే. అంటే ఆ తేదీ నుంచి ఇంకో రెండున్నర సీజన్లు చవగ్గా వస్తాడు, మిగిలిన డబ్బుతో ఇంకో మంచి ఆటగాణ్ని కొనుక్కోవచ్చు.

8. వదులుకున్నవాడికి బదులు ఏం వస్తుందో కలపండి

ఇద్దరిలో ఎవర్ని ఉంచుకోవాలన్న లెక్కలో మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు. నిజమైన పోలిక "ఫాక్స్, అతనితో పాటు హాలిబర్టన్‌ని అమ్మితే వచ్చేది" ఒకవైపు, "హాలిబర్టన్, అతనితో పాటు ఫాక్స్‌ని అమ్మితే వచ్చేది" ఇంకోవైపు. కింగ్స్ చిక్కు ఇక్కడే ఉంది. ఆ సీజన్‌లో ఫాక్స్ బాగా ఆడట్లేదు, జీతం పెద్దది, కొనేవాళ్లు బేరమాడతారు. హాలిబర్టన్‌ని ఇస్తామంటే అప్పటికే రెండుసార్లు ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపిక) అయిన, పాతికేళ్ల సబోనిస్ వస్తాడు. మంచి సరుక్కే మంచి ధర. ప్లేఆఫ్స్ లేక అంతకాలం గడిపిన ఊళ్లో "ఇంకో మూడేళ్లు ఓపిక పట్టండి" అని చెప్పడం ఎంత కష్టమో కూడా ఈ గడిలో రాసుకోవాలి. అది బాస్కెట్‌బాల్ కారణం కాకపోయినా నిజమైన కారణమే.

ఇంకో దారి ఉంది, దాన్ని మరిచిపోకండి: ఇద్దరినీ ఉంచుకోవడం. ఒకడు బంతి లేకుండా కూడా ఆడగలడని అయిదో మెట్టులో తేలితే, చవక ఒప్పందం అయిపోయేదాకా తొందరేం ఉంది? ఇద్దరు గార్డులు కలిసి ఆడిన నిమిషాల్లో జట్టు ఎంత వెనకబడిందో చూడండి. ఆ వెనకబాటు వాళ్ల వల్లా, వాళ్ల వెనక నిలబడ్డ ముగ్గురి వల్లా అన్నది కూడా అడగండి.

9. ఒళ్లు

పొడవు మారదు. ఫాక్స్ 6 అడుగుల 3 అంగుళాలు, హాలిబర్టన్ 6 అడుగుల 5 అంగుళాలు. వేగం మీద బతికే ఆటకి గాయాల భయం ఎక్కువ. వేగమే బలంగా ఆడిన గార్డుల్లో డెరిక్ రోజ్ మోకాలు 2012లో పోయాక, జాన్ వాల్ మడమ నరం తెగాక, పాత ఆట తిరిగి రాలేదు. చూపు మీద బతికే ఆట ఎక్కువకాలం నిలుస్తుంది. గార్డ్ స్టీవ్ నాష్‌కి రెండు ఎంవీపీలూ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డులు) 31, 32 ఏళ్ల వయసులో వచ్చాయి. కానీ ఎవరికి గాయం అవుతుందో ముందే చెప్పే ప్రయత్నం చేయకండి. 2025 జూన్ 22న ఓక్లహోమా సిటీ మీద ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో కుడి మడమ నరం తెగి కూలబడింది హాలిబర్టన్. మీరు అడగాల్సింది ఒక్కటే: వేగం పదిలో రెండు వంతులు పోయిన రోజున ఇతని దగ్గర ఇంకేం మిగులుతుంది?

10. తీర్పు మూడు వాక్యాల్లో రాయండి

ఎవరు, ఎందుకు, ఏం జరిగితే నేను తప్పు. మూడోది లేకపోతే అది తీర్పు కాదు, అభిమానం.

ఆ తేదీ మీద నా కాగితం ఇలా ఉంటుంది. హాలిబర్టన్‌ని ఉంచుకుంటాను. బంతి ఉన్నా లేకున్నా పనికొస్తాడు, బంతి పోగొట్టుకోడు, చవక, ఇంకా 22 నిండలేదు, చుట్టూ కావలసినవాళ్లు తేలిగ్గా దొరుకుతారు. ఇద్దరు మీద పడ్డ రాత్రులు షాట్లు మానేస్తే, రింగ్ దగ్గర వేసే రెండో మనిషి దొరక్కపోతే, ఈ తీర్పు తప్పు. ఆ మూడో వాక్యం ఉండబట్టే తర్వాత ఏం గమనించాలో నాకు తెలుస్తుంది. హాలిబర్టన్ చేరాక కూడా సియాకమ్ వచ్చేదాకా పేసర్స్‌కి ప్లేఆఫ్స్ అందలేదు, అతను వచ్చిన ఏడాదే తూర్పు విభాగం ఫైనల్స్ దాకా వెళ్లారు. కింగ్స్ పక్షాన వాదించాలన్నా ఇదే కాగితంతో వాదించవచ్చు: ఫాక్స్, సబోనిస్ జంటకి రింగ్ కాపాడే మూడోవాడు దొరికితే సరిపోయేది. దొరకలేదు. 2024 డిసెంబరులో మైక్ బ్రౌన్‌ని పంపేశారు, 2025 ఫిబ్రవరిలో ఫాక్స్ కూడా శాన్ ఆంటోనియో స్పర్స్‌కి వెళ్లిపోయాడు.

కాగితం పారేయొద్దు. ఏడాదికోసారి తీసి, కింద కొత్త తేదీతో ఇంకో వాక్యం చేర్చండి. పైన రాసినదాన్ని మాత్రం దిద్దకండి.

సాధన చేయడానికి జంట కావాలంటే ఫాక్స్ వెళ్లిన చోటే ఉంది. స్పర్స్‌లో 2024 డ్రాఫ్ట్‌లో 4వ ఎంపికై, ఆ సీజన్ ఉత్తమ రూకీగా నిలిచిన స్టీఫన్ కాసిల్ ఉన్నాడు. 2025 డ్రాఫ్ట్‌లో 2వ ఎంపికగా డిలన్ హార్పర్ వచ్చాడు. 2025 ఆగస్టులో ఫాక్స్‌కి నాలుగేళ్లకి సుమారు 22.9 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కూడా ఇచ్చారు. ముగ్గురు గార్డులు, బంతి ఒక్కటే. కాకపోతే అక్కడ జట్టు కట్టేది వాళ్ల సెంటర్ విక్టర్ వెంబన్యామా చుట్టూ. కాబట్టి ఈసారి ఆరో మెట్టుతో మొదలుపెట్టండి: ముందు వెంబన్యామా పేరు రాసి, అతని పక్కన గార్డ్ గడిలో ఏ గుణాలు కావాలో తేల్చి, ఆ తర్వాతే కాసిల్, హార్పర్‌ల మ్యాచ్‌లు తెరవండి.